కొల్లేరు పక్కన, చెరువు ఒడ్డున ఇల్లు కట్టాలనుకుంటే ముందు నీటి గీత చూడండి

కైకలూరు, ఆకివీడు, ఏలూరు చుట్టుపక్కల ఎవరికైనా స్థలం బేరానికి వస్తే నాకు వచ్చే ఫోన్ దాదాపు ఒకేలా ఉంటుంది. "అండీ, సెంటు బాగా తక్కువకి వస్తోంది. పక్కనే నీళ్లు, పొద్దున్నే పక్షులు, మంచి గాలి. తీసుకోవచ్చా?" ఇళ్ల ప్లాన్లు గీసి, అనుమతులకి పెట్టి, పునాది తీసిన రోజు నుంచి శ్లాబు పడేదాకా దగ్గరుండి చూసుకోవడం నా పని. వాళ్లకి నేను చెప్పేది ఒకటే: నీళ్లు ఎంతవరకు వస్తాయో తేలేదాకా బయానా ఇవ్వకండి.

కాగితాలు చూడొద్దని కాదు. అవీ చూడాలి, వాటి సంగతి కింద రాశాను. కానీ కాగితాల మీది హద్దులన్నీ చివరికి నీటి మట్టం దగ్గరికే వస్తాయి. చెరువు ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్), కొల్లేరు కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత), వెట్‌ల్యాండ్ (చిత్తడి నేలల) నిబంధనల్లోని వరద మట్టం, అన్నీ నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయన్న దాన్ని బట్టి గీసినవే. ఆ గీత ఎక్కడుందో మీకు తెలిస్తే అమ్మేవాళ్లు ఏం చెప్పినా మీరు మోసపోరు.

గీతని కొలవడం

మామూలు ఊరి చెరువుతో మొదలుపెడదాం, అది తేలిగ్గా అర్థమవుతుంది. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం. అది ఎంతో చెప్పేది అలుగు, అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే కట్టు. తెలంగాణ వైపు మత్తడి అంటారు. నీళ్లు అలుగు అంచు తాకాయంటే చెరువు నిండినట్టు. అందుకని నీళ్లు నిలిచే వైపున, అలుగు అంచు కంటే పల్లంలో ఉన్న నేల ఏదైనా ఎఫ్‌టీఎల్ లోపలిదే, దాని మీద ఎవరి పేరున ఏ పట్టా ఉన్నా సరే.

దీన్ని కొలవడానికి పెద్ద హంగామా అక్కర్లేదు. ఆటో లెవెల్ (నేల ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) ఉన్న సర్వేయర్ని ఒక పూట పిలిపించుకోండి. ముందు స్టాఫ్‌ని, అంటే కొలత గీతలున్న కర్రని, అలుగు అంచు మీద నిలబెట్టి రీడింగ్ తీయమనండి. తర్వాత మీ స్థలం నాలుగు మూలల్లోనూ, మధ్యలోనూ తీయమనండి. అలుగు మీద 1.420 వచ్చి, మీ మూలలో 1.850 వచ్చిందనుకోండి. స్టాఫ్ రీడింగ్ పెరిగితే నేల దిగినట్టు. అంటే మీ మూల అలుగు కంటే 43 సెంటీమీటర్లు పల్లం, చెరువు నిండిన ఏడు అక్కడ అడుగున్నర నీళ్లు ఉంటాయి. ఆ స్థలం వదిలేయండి. గట్టుకి అవతల ఆయకట్టు వైపున్న పొలాలు ఎలాగూ పల్లంలోనే ఉంటాయి, వాటికి ఈ లెక్క వర్తించదు. పంట కాలవలు, మురుగు కాలవలు ఎటు పోతున్నాయో అక్కడ చూడాలి.

చాలామంది ఫోన్ తీసి అందులో ఎత్తు చూపిస్తారు. దాన్ని నమ్మకండి. ఫోన్ చెప్పే ఎత్తులో మీటర్లకి మీటర్లు తేడా వస్తుంది, మనకి కావాల్సింది సెంటీమీటర్లలో. ఉపగ్రహాల సాయంతో కొలిచే డీజీపీఎస్ పెట్టి కొలిచినా ఒక మెలిక ఉంది. అది ముందు చూపించేది భూమి ఆకారానికి గణితంలో ఊహించుకున్న ఉపరితలం నుంచి ఎత్తు, సముద్ర మట్టం నుంచి కాదు. మన కోస్తాలో ఆ రెంటికీ మధ్య పదుల మీటర్ల తేడా ఉంటుంది, అందుకే తెరమీద మైనస్ అంకె కనిపిస్తుంది. దాన్ని సవరించకుండా కాగితం మీద రాసిచ్చేవాళ్లున్నారు. ఏ బెంచ్‌మార్కు (మట్టం ముందే తెలిసిన గుర్తు) నుంచి మట్టం తెచ్చారో రిపోర్టులో రాయించుకోండి. అలుగు నుంచో, జలవనరుల శాఖ తూము మీద చెక్కిన మట్టం నుంచో తెచ్చిన లెక్కని మించింది లేదు.

కొల్లేరు దగ్గర గీత ఇంకోలా ఉంటుంది. దానికి అలుగు లేదు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు నీళ్లు తెచ్చి పోస్తాయి, బయటికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. అది పూడిక పట్టి, సముద్రం పోటు మీదున్నప్పుడు నెమ్మదిస్తుంది. అందుకే కొల్లేరులోకి వరద వచ్చినంత తొందరగా పోదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు టీవీలన్నీ సింగ్‌నగర్‌నే చూపించాయి. ఆ నీళ్లు చివరికి చేరాల్సింది మా దగ్గరికే. వాన వెలిశాక విజయవాడలో ఎండ కాస్తుంటే ఇక్కడ లంక ఊళ్లలో నీళ్లు పెరుగుతుంటాయి. అందుకని వాన ఆగాక వారానికి, పది రోజులకి వచ్చి స్థలం చూడమంటాను. వేసవిలో చూసి కొనకండి. ఏప్రిల్‌లో కొల్లేరు అంచు అంతా క్రికెట్ ఆడుకునే మైదానంలా ఉంటుంది.

నీళ్లు లేనప్పుడే చూడక తప్పకపోతే, అవి వదిలివెళ్లిన ఆనవాళ్లు చూడండి. కరెంటు స్తంభాల మీద, పాత ప్రహరీల మీద బురద గీత చారలా ఉంటుంది, దాన్ని టేపుతో కొలవండి. సర్కారు తుమ్మ కొమ్మల్లో ఎండిపోయిన గుర్రపు డెక్క వేలాడుతుంటే, నీళ్లు అంత ఎత్తుకి వచ్చాయని అర్థం. నేల తవ్వితే మూరెడు లోతులోనే నత్తగుల్లలు పొరలా తగులుతున్నాయా? జమ్ము, కిక్కిస మొలుస్తున్నాయా? అవి ఎండు నేలలో నిలవవు. పక్క ఇంటి ముసలమ్మని "ఏ ఏడు నీళ్లు గడప దాటాయమ్మా" అని అడగండి. ఆవిడ మెట్టు చూపించి మరీ చెబుతుంది. ఆ మెట్టుకి కూడా లెవెల్ తీయించండి.

ఏ నేలకి ఏ నిబంధన

కొల్లేరు అభయారణ్యాన్ని 1999లో వన్యప్రాణి సంరక్షణ చట్టం 26-ఏ సెక్షన్ కింద ప్రకటించారు. సముద్ర మట్టానికి ఐదడుగుల కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఈ హద్దు లోపల ప్రభుత్వ భూమే కాదు, జిరాయితీ (ప్రైవేటు పట్టా) భూములు కూడా ఉన్నాయి. అసలు తగువంతా వాటితోనే. "ఇది మా తాతల నాటి జిరాయితీ, ప్రభుత్వానిది కాదు" అని అమ్మేవాళ్లు చెప్పేది నిజమే కావచ్చు. కానీ అదే చట్టంలోని 20వ సెక్షన్ చదవండి: అభయారణ్యం చేయబోతున్నామని 18వ సెక్షన్ కింద ప్రకటన వచ్చాక ఆ నేలలో కొత్తగా ఏ హక్కూ రాదు, వారసత్వంగా వచ్చేది తప్ప. అంటే ఆయన కొడుక్కి రావచ్చు, డబ్బిచ్చి కొన్న మీకు రాదు. 2005, 2006ల్లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చేసిన సంగతి ఇక్కడి పిల్లలకి కూడా తెలుసు. 2008లో హద్దుని ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకి, అంటే మూడడుగుల మట్టానికి, కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. దాన్ని చూపించి "త్వరలో కుదిస్తారు, ఇప్పుడే కొనుక్కోండి" అనే మాట ఇన్నేళ్లుగా నడుస్తోంది. తీర్మానం వేరు, నోటిఫికేషన్ వేరు. ఐదో కాంటూరు లోపలి స్థలానికి నేను ప్లాన్ గీయను, ఎవరడిగినా.

హద్దు దాటి బయట ఉన్నంత మాత్రాన అంతా స్వేచ్ఛ అనుకోవద్దు. 2002లో కొల్లేరుని రామ్‌సర్ ప్రాంతంగా, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా, గుర్తించారు. అక్కడ రాసుకున్న విస్తీర్ణం 90,100 హెక్టార్లు, అంటే అభయారణ్యానికి దాదాపు మూడింతలు. 2017 నాటి వెట్‌ల్యాండ్ నిబంధనలు రామ్‌సర్ ప్రాంతాలకీ, ప్రభుత్వం నోటిఫై చేసిన చిత్తడి నేలలకీ వర్తిస్తాయి. అభయారణ్యం లోపలి భాగానికి వన్యప్రాణి చట్టమే ఉంటుంది. ఆ నిబంధనల ప్రకారం చిత్తడి నేలని పూడ్చకూడదు, ఆక్రమించకూడదు, శుద్ధి చేయని మురుగు వదలకూడదు, చెత్త పోయకూడదు. నిబంధనలు వచ్చేనాటికి గడిచిన పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు పడవల రేవు తప్ప శాశ్వత నిర్మాణం ఏదీ చేయకూడదు. కరెంటు స్తంభం మీద మనం కొలిచిన బురద గీత మళ్లీ ఇక్కడికే పనికొస్తుంది.

మామూలు సాగునీటి చెరువులు, తాగునీటి చెరువులు ఈ 2017 నిబంధనల్లోకి రావు. వాటిని కాపాడేది బిల్డింగ్ రూల్స్. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168, ఆంధ్రలో 2017లో వచ్చిన జీవో 119 చెప్పేది ఇది: చెరువు పది హెక్టార్లు, ఆపైన ఉంటే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. వాగు, కాలవ, నాలా పది మీటర్ల కంటే వెడల్పుంటే 9 మీటర్లు, లేకపోతే 2 మీటర్లు. నది అయితే పట్టణ హద్దుల బయట 100, లోపల 50. ఇంటి చుట్టూ మామూలుగా వదిలే ఖాళీ దీనికి అదనం. నేల వాలు చాలా తక్కువగా ఉండే మన డెల్టాలో ఈ 30 మీటర్ల లోపు నేల ఒక అడుగు లేస్తే గొప్ప. కాబట్టి బఫర్ (ఇలా వదలాల్సిన దూరం) దాటామంటే వరద దాటామని కాదు. అలుగు పారుతున్నప్పుడు నీరు ఎఫ్‌టీఎల్ మీద ఇంకా కొంత ఎత్తున నిలుస్తుంది. దాన్ని చూసుకునే ఇంటి అరుగు ఎత్తు పెట్టాలి.

హైదరాబాద్ వైపు వాళ్లకి: హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో ఒక్కో చెరువుకీ ప్రాథమిక నోటిఫికేషన్, తుది నోటిఫికేషన్, సర్వే నంబర్లతో మ్యాపు ఉంటాయి. తుది నోటిఫికేషన్ రాని చెరువు పక్కన కొంటే రేపు ఎఫ్‌టీఎల్ గీత పక్కకి జరిగే అవకాశం ఉందని గుర్తుపెట్టుకోండి. రికార్డులో 'శిఖం' అని ఉంటే అది చెరువు కడుపులోని నేల. నీళ్లు తగ్గినప్పుడు దున్నుకోవడానికి పట్టా ఉండొచ్చు, ఇల్లు కట్టడానికి కాదు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక అనుమతి కాగితాలున్న ఇళ్లు కూడా ఎందుకు కూలాయని చాలామంది అడుగుతున్నారు. తప్పుడు వివరాల మీద తెచ్చుకున్న అనుమతి ఎఫ్‌టీఎల్‌ని మార్చలేదు కాబట్టి.

సముద్రం వైపు, కోరింగ మడ అడవుల దగ్గరో, పులికాట్ అంచునో, పోటు నీళ్లు వచ్చే ఏటి గట్టునో అయితే సీఆర్‌జెడ్ (తీరంలో కట్టడాల మీద ఆంక్షలుండే ప్రాంతం) మ్యాపు కూడా చూడాలి. మడ అడవి వెయ్యి చదరపు మీటర్లు దాటితే దాని చుట్టూ 50 మీటర్ల బఫర్ కూడా మడతో సమానమే.

ఇక ఎకో సెన్సిటివ్ జోన్, అంటే అభయారణ్యం చుట్టూ ఆంక్షలుండే పట్టీ. అభయారణ్యం చుట్టూ ఒక కిలోమీటరు తప్పనిసరిగా ఉండాలని సుప్రీంకోర్టు 2022 జూన్‌లో అంది. నోటిఫికేషన్ ముసాయిదా గానీ తుదిది గానీ వచ్చిన చోట ఆ నోటిఫికేషన్ ప్రకారమే వెళ్లాలని 2023 ఏప్రిల్‌లో సవరించింది. అందుకని మీ అభయారణ్యానికి ఏ నోటిఫికేషన్ ఉందో దాన్నే తెచ్చుకుని చదవాలి. సాధారణంగా వాటిలో కొత్త హోటళ్లు, రిసార్టులు, వ్యాపార కట్టడాలకి నిషేధం ఉంటుంది. స్థానికులు సొంత నేలలో సొంత నివాసానికి కట్టుకోవచ్చని ఉంటుంది. "ఇల్లు అని కట్టి హోమ్‌స్టే నడుపుదాం" అనుకునేవాళ్లు ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

కాగితాలు

ఇది త్వరగా చెబుతాను, ఎందుకంటే ఏ స్థలానికైనా చేసేదే. రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1-బీ చూడండి. అవి ఇప్పటి పేరు చెబుతాయి. నేల స్వభావం చెప్పేది పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. అందులో చెరువు పోరంబోకు, వాగు, కాలవ అని ఉంటే తర్వాత ఎన్ని చేతులు మారినా లాభం లేదు. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు తీసుకుని, ఎఫ్-లైన్‌కి (హద్దుల కొలతకి) దరఖాస్తు చేసి, మండల సర్వేయర్‌తో హద్దులు వేయించండి. రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితా, అంటే 22-ఏలో సర్వే నంబరు ఉందేమో చూడండి. అందులో లేకపోయినా ఊరట చెందకండి, రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన కట్టుకునే హక్కు వచ్చినట్టు కాదు.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ చేయనిది: సర్వే నంబరు, ఎఫ్‌ఎంబీ నకలు జతచేసి అటవీ శాఖ వన్యప్రాణి విభాగం డీఎఫ్‌ఓకి (డివిజనల్ అటవీ అధికారికి), జలవనరుల శాఖ ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకి) రాతపూర్వకంగా ఒక్క ప్రశ్న వేయండి. "ఈ నేల అభయారణ్యం హద్దులో గానీ, ఎఫ్‌టీఎల్‌లో గానీ, బఫర్‌లో గానీ ఉందా?" జవాబు రాతలో రావాలి. రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అదే ప్రశ్న మళ్లీ పెట్టండి, ముప్పై రోజుల గడువు ఉంటుంది. అమ్మేవాళ్లు అన్నాళ్లు ఆగలేమంటే, ఎందుకు ఆగలేరో మీకే అర్థమవుతుంది. ఒక రిటైర్డ్ మాస్టారు ఇలాగే రాసి, జవాబు కోసం ఆగి, చివరికి ఆ స్థలం మానేసి రోడ్డుకి అవతల మెరక మీద చిన్నది తీసుకున్నారు. ఆయన ఇంటికి నేనే ప్లాన్ గీశాను. కింద చెప్పేవన్నీ ఆ ఇంట్లో చేసినవే.

అనుమతి ఆన్‌లైన్‌లో స్వీయ ధ్రువీకరణతో తొందరగా వచ్చేస్తుంది. నీటివనరు పక్కన ఉందా అన్న గడిలో "లేదు" అని టిక్ పెట్టమని నన్ను అడిగినవాళ్లున్నారు. ఆ ఒక్క టిక్కుతో మీ అనుమతి మొత్తం ఎప్పుడైనా రద్దు కావచ్చు. ఉన్నది ఉన్నట్టు రాసి, ఆయా శాఖలు అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌ఓసీ జతచేయండి.

మెరక తోలొద్దు, స్తంభాల మీద లేపండి

పల్లపు స్థలం కొనగానే అందరూ చేసే మొదటి పని మెరక తోలించడం. ట్రాక్టర్లు వరుసగా వచ్చి పక్క స్థలం కంటే మూడడుగులు ఎత్తు చేసేస్తాయి. పది సెంట్లంటే 405 చదరపు మీటర్లు. మీటరు ఎత్తు మెరక వేస్తే నాలుగు లక్షల లీటర్ల నీళ్లు నిలవాల్సిన చోటు పోయింది. ఆ నీళ్లు మాయమైపోవు, పక్క ఇంటి వంటగదిలోకి వెళ్తాయి. వీధి మొత్తం ఒకరిని చూసి ఒకరు ఇలాగే చేస్తే, మెరక వేయలేని ఇల్లు గిన్నెలా మిగిలిపోతుంది. ఆ ఇల్లు ఎప్పుడూ బీదవాళ్లదే అయి ఉంటుంది. ఇది చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. చట్టం కూడా దీన్ని ఊరికే వదల్లేదు. వన్యప్రాణి చట్టం 29వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి వచ్చే నీటినైనా, బయటికి పోయే నీటినైనా అనుమతి లేకుండా మళ్లించినా, ఆపినా, పెంచినా నేరమే.

దీనికి బదులు ఇంటిని స్తంభాల మీద లేపండి. కింద నేల ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే వరద వచ్చినప్పుడు నీళ్లు ఇంటి కింద నుంచి పోతాయి, మిగతా రోజుల్లో అది బండి పెట్టుకునే నీడ. ఇక్కడి నల్లరేగడి వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది. మామూలు పునాది వేస్తే గోడలు మూలల్లో ఏటవాలుగా చీలతాయి. అండర్ రీమ్డ్ పైల్స్ వేయించండి. కింద బల్బులా వెడల్పయ్యే ఈ పైళ్లు రేగడి ఉబ్బు చేరని లోతులో పట్టుకుంటాయి. పైళ్ల తలలని కలిపే గ్రేడ్ బీమ్ అడుగున నేలకి తగలకుండా ఖాళీ వదలమని మేస్త్రికి చెప్పండి, లేకపోతే ఉబ్బిన మట్టి బీమ్‌ని పైకి నెడుతుంది. సరస్సు మెత్తటి బంకమట్టిలో బోరు వేసి మట్టి పరీక్ష చేయించకుండా పైల్ లోతు ఎవరూ చెప్పలేరు.

ఉప్పుటేరు వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కాంక్రీటు కలిపితే లోపల ఇనుము తుప్పు పట్టి కొన్నేళ్లకే పెచ్చులూడుతుంది. నీళ్లు పరీక్ష చేయించండి, ఇనుము ఉన్న కాంక్రీటుకి క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదు. మించితే ట్యాంకరు తెప్పించుకోవడమే.

ప్రహరీ అంటే మనవాళ్లకి మహా ఇష్టం. చెరువు వైపు మాత్రం గోడ వద్దు, కంచె వేయండి. గోడే కావాలంటే అడుగున అక్కడక్కడా జానెడు ఎత్తు కన్నాలు వదలండి. నీళ్లు, తాబేళ్లు, ఉడుములు దారి కోసం వెతుక్కోకుండా ఉంటాయి.

మరుగుదొడ్డి నీళ్లు ఎక్కడికి పోతాయి

స్థలం ఎంత బాగున్నా, ప్లాన్ ఎంత అందంగా ఉన్నా, నీటి పక్కన ఇంటికి అసలు పరీక్ష ఇదే. మన దగ్గర సెప్టిక్ ట్యాంకు కట్టి, పక్కన ఇంకుడు గుంత తీసి వదిలేస్తారు. నేలలో నీరు లోతుగా ఉన్న ఊళ్లలో అది పని చేస్తుంది. కొల్లేరు అంచున వానాకాలంలో రెండడుగులు తవ్వితే నీళ్లు. ఇంకుడు గుంత అప్పటికే నిండి ఉంటుంది. మీ మురుగు ఇంకదు, కలుస్తుంది. ఆ నీళ్లే పక్కవాళ్ల చేతిపంపులోకీ, చేపల్లోకీ, మీ పిల్లలు కాళ్లు పెట్టే కాలవలోకీ వెళ్తాయి.

నేలనీరు ఆరడుగుల లోపు ఉంటే ఇంకుడు గుంత మానేయండి. ట్యాంకు ముందు నీరు కారకుండా కట్టించండి. ఇటుకతో కాకుండా కాంక్రీటుతో వేసి, లోపల వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ చేయించి, నిండా నీళ్లు పోసి ఒక రోజు ఉంచి మట్టం గుర్తు పెట్టండి. దిగితే కారుతున్నట్టు. తర్వాత ట్యాంకు నుంచి వచ్చే నీటిని నేల మీద ఇసుక, కంకరతో ఎత్తుగా వేసిన దిబ్బలోకి పంపండి. అక్కడ మెట్టతామర, అరటి లాంటివి నాటితే ఆ నీటిని తాగేస్తాయి. దిబ్బ తాగునీటి బావికి, బోరుకి కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి, ఇంకా దూరం ఉంటే ఇంకా మంచిది. నీటివైపు కాకుండా రోడ్డువైపు పెట్టండి. మాస్టారి ఇంట్లో దీనికోసం మొత్తం ప్లాన్‌నే తిప్పాం. బాత్‌రూములన్నీ రోడ్డు వైపుకి వచ్చాయి, వాలు సరిపోయింది.

ఒక హెచ్చరిక: కొత్త ట్యాంకుని వానాకాలంలో ఖాళీగా ఉంచకండి. చుట్టూ నేలనీరు లేచినప్పుడు ఖాళీ ట్యాంకు పడవలా తేలి, పైపులు విరిగిపోతాయి. కట్టగానే నీళ్లతో నింపి ఉంచండి. తోడించినప్పుడు కూడా ఎండాకాలంలోనే తోడించండి. ఆ బండి సరుకు ఎక్కడ పారబోస్తుందో అడగండి, రాత్రిపూట డ్రెయిన్‌లో వదిలేవాళ్లకి పని ఇవ్వకండి.

పక్షులకి అడ్డు రాకుండా

కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టేది సుమారుగా అక్టోబరు నుంచి మార్చి, ఏప్రిల్ దాకా. ఇది ఇల్లు కట్టేవాళ్లకి కలిసొచ్చే సంగతే. పైళ్లు, పునాది, జేసీబీ పని ఏప్రిల్ తర్వాత మొదలుపెట్టండి. నేలనీరు అప్పుడే అడుగంటుతుంది, గోతుల్లో నీళ్లు తోడుకునే బాధ తగ్గుతుంది. తొలకరి పడేలోపు అరుగు మట్టం దాటించండి. ప్లాస్టరింగ్, వైరింగ్ లాంటి చప్పుడు తక్కువ పనులు చలికాలానికి ఉంచుకోండి.

కాంక్రీటు కలిపిన మిక్సర్ని, తాపీలని, బాండీలని కాలవలో కడగనివ్వకండి. సిమెంటు నీళ్లు ఘాటైన క్షారం, చిన్న గుంటలో పడితే చేప పిల్లలు చస్తాయి. స్థలం మూల ఒక గొయ్యి తీసి పాత టార్పాలిన్ పరిచి అందులో కడగమనండి. మేస్త్రి మొదట్లో విసుక్కుంటాడు, తర్వాత అలవాటైపోతుంది.

లైట్లు నీటివైపు కొట్టకూడదు. పైన మూత ఉండి కిందికి మాత్రమే వెలుగు పడేవి, పసుపు రంగువి పెట్టండి. తెల్లటి ఫ్లడ్‌లైట్లు వద్దు. పెద్ద పెద్ద అద్దాల కిటికీలు నీటివైపు పెట్టించుకుంటామంటే నేను ముందు వరండా వేయిద్దాం అంటాను. అద్దంలో ఆకాశం, చెట్లు కనిపించి పక్షి నేరుగా వచ్చి కొట్టుకుంటుంది. చూరు లోతుగా ఉంటే నీడలో అద్దం మెరవదు. అద్దమే కావాలంటే బయటివైపు రెండంగుళాల ఎడంలో చుక్కలు అంటించండి. లోపల అంటించిన ఒక గద్ద బొమ్మ వల్ల ఉపయోగం లేదు. కరెంటు సర్వీసు తీగ నీటి మీదుగా కాకుండా రోడ్డు వైపు నుంచి, వీలైతే భూమిలోంచి తీసుకోండి. బరువైన పెద్ద పక్షులు చీకటిలో తీగని చూసి పక్కకి తప్పుకోలేవు.

ఉన్న చెట్లు కొట్టకండి. ముఖ్యంగా నల్లతుమ్మ, చింత, రావి. గూడు ఉన్న చెట్టు కొడితే, గుడ్లు పాడుచేస్తే, వన్యప్రాణి చట్టం దాన్ని వేటగానే లెక్కేస్తుంది. కొత్తగా నాటేటప్పుడు కోనోకార్పస్ వద్దు, కానుగ, నేరేడు పెట్టండి.

ఇల్లు పూర్తయ్యాక మీ పెరట్లో చెట్టు మీద పక్షులు గూడు పెడితే ఏం చేయాలని అడుగుతారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు పెడతాయి, కింద జనం కాపురాలు చేస్తుంటారు. కాబట్టి కుదరదనుకోవద్దు. ఆ చెట్టు కింద బండి పెట్టకండి, బావి ఉంటే మూత వేయండి, మంచినీళ్ల తొట్టిని అటునుంచి జరపండి. రాత్రి ఆ వైపు లైటు ఆపండి. కుక్కలు తిరగకుండా మిగిలిన అన్నం బయట పారేయడం మానండి. కింద పడిన పిల్లలని తినేది ఎక్కువగా కుక్కలే. పిల్ల కింద పడితే దాన్ని చేత్తో తీసి ఇంట్లో పెంచబోకుండా అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చేయండి. ఆ నంబరు ముందే గోడ మీద రాసి పెట్టుకోండి. వాసన మాత్రం ఉంటుంది, అది గూళ్లున్న ఆ నెలలన్నీ భరించాల్సిందే. పడకగది కిటికీ ఆ వైపు పెట్టాలా వద్దా అన్నది ప్లాన్ గీసేటప్పుడే నాతో చెప్పండి.